పాటకి మనమెంత బాకీ?

పోయిన నెల్లో మా వాడపల్లి పక్క ఊళ్లో కూలిరేట్ల మీద చిన్న మీటింగు పెట్టుకున్నాం. జనం చేరేదాకా పాటలెయ్యాలి కదండి. నా ఫోను బ్లూటూత్ డబ్బాకి కలిపి వంగపండు పాటలు పెట్టాను. రెండు పాటలయ్యాయి. మూడోది దానంతటదే మారిపోయి, నేను రాత్రుళ్లు చెవుల్లో వైర్లు పెట్టుకుని దొంగచాటుగా వినే ఐటెం పాట మొదలైపోయింది. అదీ ఫుల్ సౌండులో.

కుర్రోళ్లు ఈలలేశారు. ఆడాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. "ఆయ్, మన అన్నయ్యలో ఈ కళ కూడా ఉందండోయ్" అన్నాడో పెద్దాయన. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇరవయ్యేళ్లుగా ఉద్యమం పాటలు పాడించినోణ్ణి, చివరికి ఇలా దొరికిపోయాను.

అసలు సిగ్గు ఆ తర్వాత వచ్చింది. మీటింగు అయ్యాక డప్పు దళంలో కుర్రాడొకడు నా ఫోను తీసుకుని చూశాడు.

"అన్నయ్యా, పాటకీ పాటకీ మధ్య యాడ్ రాలేదేంటి? డబ్బులు కడతన్నావా?"

"లేదురా. మా మేనల్లుడు ఏదో యాప్ ఎక్కించాడు. ఉత్తినే వచ్చేత్తన్నాయి."

"అంటే దొంగ యాపన్నమాట." వాడు ఫోను తిరిగిచ్చేశాడు. "మొన్న మేం పాడి పెట్టిన పాటని ఎవడో దించుకుని ఆడి చానల్లో పెట్టేసుకున్నాడు. మా పేరు కూడా లేదు. కష్టం చేసినోడికే దక్కాలని నువ్వే కదా అన్నయ్యా ఇందాక చెప్పావు?"

గంటసేపు కూలి గురించి మాట్లాడొచ్చిన నోరు, దానికి మాత్రం పెగల్లేదు. ఆ రోజు నుంచి ఈ రెండు సిగ్గుల గురించీ ఆలోచిస్తన్నాను. ఒకటి ఐటెం పాట విన్నందుకు పడ్డ సిగ్గు. రెండోది ఊరికే విన్నందుకు పడ్డ సిగ్గు. మొదటిది నాకు ఎవరో నేర్పారు. రెండోది ఎవరూ నేర్పలేదు, ఆ కుర్రాడు అడిగేదాకా.

మొదటి సిగ్గు ఎవరిది?

మన కోనసీమలో తీర్థాలకీ, సంక్రాంతికీ రికార్డింగ్ డాన్సులు చూడనోళ్లు ఎంతమంది? చూసొచ్చి, పొద్దున్నే "ఛీ, పాడు డాన్సులు" అనేవాళ్లూ మనవాళ్లే. ఏది మంచి పాటో, ఏది నాటు పాటో మనకి ముందే ఎవరో గీత గీసి పెట్టారు. ఆ గీతకి అవతల ఒకప్పుడు డప్పునే నిలబెట్టారు. చావుకి కావాలి గానీ గుమ్మంలోకి రాకూడదన్నారు. అందుకే "తక్కువ పాట" అనే మాట వింటే నాకు ముందు అనుమానం వస్తాది.

నాటు అంటే ముఖం చిట్లించినోళ్లే 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వస్తే స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఆ బహుమతి ఎవరు అందుకున్నారో గమనించారా? హీరోలు కాదు, నిర్మాత కాదు. మాట రాసిన చంద్రబోస్, బాణీ కట్టిన కీరవాణి. మనకి గోదారి అవతల కొవ్వూరులో పుట్టిన మనిషి ఆ కీరవాణి. పాటకి బహుమతి ఇవ్వాలంటే దాన్ని పుట్టించినోళ్లకి ఇవ్వాలని అక్కడ లెక్క. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తాది.

అయితే ఒక మాట. ఆడపిల్ల వెంటపడి వేధించడమే మగతనం అని పాడే పాటల్ని నేను వెనకేసుకు రావట్లేదు. మా చెల్లెలు ఒకసారి అంది: "దరువు బాగుందని నువ్వు ఊగుతావన్నయ్యా. ఆ మాటే రేపు రోడ్డు మీద నాకు తగుల్తాది." అది నిజం. దరువు నచ్చిందని ఒప్పుకుందాం, మాట తప్పని కూడా చెబుదాం. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చు. దాచుకుని వినడం వల్ల మాత్రం ఎవరికీ లాభం లేదు.

ఇక రెండో సిగ్గు సంగతి.

పాటకి తప్ప అన్నిటికీ ఇచ్చాం

తొంభైల్లో నేను హైస్కూలు కుర్రాణ్ణి. రావులపాలెంలో పాటలు రికార్డింగ్ చేసే షాపుండేది. కాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ కేసెట్టు ఇచ్చి వస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. "బి సైడు చివర్లో మూడు నిమిషాలు మిగిలిందిరా, ఏదెయ్యమంటావ్" అని అడిగేవాడు కూడా. ఆ తర్వాత నూటయాభై పాటలున్న ఎంపీత్రీ సీడీలు సంతలో దొరికాయి. ఆ తర్వాత సెల్ రీచార్జి కొట్లో మెమరీ కార్డు ఇస్తే జీబీ లెక్కన పాటలెక్కించేవాళ్లు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక కార్డుతో కూడా పని లేకుండా పోయింది.

ఇన్నేళ్లలో నేను డబ్బులివ్వలేదా? ఇచ్చాను. ఖాళీ కేసెట్టు కంపెనీకిచ్చాను, రికార్డింగ్ షాపుకిచ్చాను, సీడీలోడికిచ్చాను, కార్డులోడికిచ్చాను, ఫోను కంపెనీకిచ్చాను, నెట్ రీచార్జికి ఇప్పటికీ ఇస్తన్నాను. రాసినోడికీ, కట్టినోడికీ, పాడినోడికీ, సన్నాయి ఊదినోడికీ నా చేతి నుంచి పైసా పోలేదు. పాటకి తప్ప పాట చుట్టూ ఉన్న ప్రతిదానికీ ఇచ్చాను.

ఆ రోజుల్లో మాకు కొనే స్థోమత లేదు. మా నాన్న కూలి డబ్బుల్లోంచి కంపెనీ కేసెట్టు కొనడమంటే రెండు పూటల బియ్యం మానుకోవడమే. ఆ దొంగ కేసెట్టే లేకపోతే నాకు ఇళయరాజా తెలిసేవాడే కాదు. ఆ కుర్రాణ్ణి నేను ఇప్పుడు బోనులో నిలబెట్టను. కానీ ఇప్పుడు నా జేబు అప్పటి జేబు కాదు. టీలకీ, సినిమా టిక్కెట్లకీ, రీచార్జికీ వచ్చే డబ్బు పాట దగ్గరికి వచ్చేసరికి లేదంటే, అది లేమి కాదు, అలవాటు.

మనమిచ్చేది ఎటు పోతాది?

"కడితే మాత్రం పాడినోడికి చేరుతుందా అన్నయ్యా" అంటారు మీరు. మంచి ప్రశ్న. మన ఆత్రేయపురం పూతరేకుతో చెబుతాను.

కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పిండినీళ్లలో ముంచిన గుడ్డ దాని మీద లాగి రేకు తీసేది ఓ ఆడకూతురు. ఆవిడకి రేకుల లెక్కన కూలి. పెట్టె మీద ఉండేది షాపు పేరు. హైదరాబాద్‌లో అమ్మేది ఇంకొకడు. తినేవాడికి రేకు తీసిన చెయ్యి ఎవరిదో తెలీదు. సినిమా పాటా అంతే. రాసేవాళ్లు, కట్టేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు రేకు తీసేవాళ్లు. సినిమా పెట్టె. ఆడియో కంపెనీ షాపు. మన ఫోన్లో యాప్ తోపుడు బండి.

చట్టం కూడా చాలాకాలం షాపు వైపే ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాటలు రాసేవాళ్లకీ కట్టేవాళ్లకీ రావలసింది వసూలు చెయ్యడానికి 1969లో ఐపీఆర్ఎస్ అనే సొసైటీ పెట్టుకున్నారు. 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. నిర్మాత డబ్బిచ్చి పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు నిర్మాతదే అని దాని సారం. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, పాడేవాడికి ఏ హక్కూ లేకపోవడమేంటని, పార్లమెంటు ఆలోచించాలని విడిగా రాశారు. పాడేవాళ్ల హక్కులు 1994 సవరణతో గానీ చట్టంలోకి రాలేదు.

పెద్ద మార్పు 2012లో వచ్చింది. అప్పుడు రాజ్యసభలో ఉన్న కవి జావేద్ అఖ్తర్ దీని కోసం గట్టిగా కొట్లాడారు. ఆ సవరణ ప్రకారం సినిమా పాట హాల్లో సినిమాతో పాటు ఆడటం కాకుండా, ఇంకెక్కడ వాడినా రాసినవాళ్లకీ, కట్టినవాళ్లకీ రాయల్టీలో సమాన వాటా ఉంటాది. "నాకొద్దు" అని ముందే సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదు. ఎందుకంటే ఆకలి మీదున్నోడి చేత ఎవడైనా సంతకం పెట్టించుకుంటాడు. కనీస కూలి చట్టంలో ఉన్న న్యాయమే ఇక్కడా ఉంది. అంతకన్నా తక్కువకి ఒప్పుకున్నాడన్నా చట్టం ఒప్పుకోదు. 2013లో గాయకుల కోసం ఇస్రా అనే సంఘం కూడా రిజిస్టర్ అయింది.

ఇక యాప్ లెక్క. మనం కట్టే చందా మనం విన్నవాళ్లకే పోతుందని అనుకుంటాం. పెద్ద యాపుల్లో అలా జరగదు. అందరి డబ్బూ ఒకే కుప్ప. మొత్తం ఎన్నిసార్లు విన్నారో లెక్కేసి, ఆ వంతున పంచుతారు. ఊరికే ఒక ఉదాహరణ చూడండి. ఇద్దరు చెరో 100 రూపాయలు కట్టారనుకోండి. యాప్ 60 ఉంచుకుంటే 140 పంచాలి. నువ్వు నెలంతా ఒక జానపద గాయని పాటనే 10 సార్లు విన్నావు. రెండోవాడు సినిమా పాటలు 990 సార్లు వాయించాడు. గాయని వైపుకి వచ్చేది నూటికి ఒక వంతు, అంటే 1 రూపాయి 40 పైసలు. నీ వందలో మిగిలిందంతా నువ్వు వినని పాటలకి పోయింది. పైగా స్పాటిఫైలో 2024 నుంచి ఇంకో షరతు పెట్టారు. ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే ఆ పాటకి రికార్డింగు రాయల్టీ లెక్కే కట్టరు. మన పల్లె పాటగాళ్లకి దెబ్బ ఇక్కడే.

అందుకని చందా దండగ అంటన్నానా? కాదు. అది లేకపోతే ఆ రూపాయి నలభై పైసలు కూడా రాదు. ఉత్తినే వినిపించే బేరం కూడా ఎల్లకాలం నడవట్లేదు. రెస్సో మన దేశంలో 2024 జనవరితో ఆగింది, వింక్ కూడా అదే ఏడాది మూతపడింది. చందా కట్టడం మొదటి మెట్టు, అంతే. పాటగాళ్లు న్యాయమైన పంపకం అడిగినప్పుడు వాళ్ల వెనక నిలబడటం రెండో మెట్టు.

బాలు వైపా, రాజా వైపా?

2017 మార్చి గుర్తుందా? బాలసుబ్రహ్మణ్యం పాడటం మొదలెట్టి యాభయ్యేళ్లయిన సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తన్నారు. నా అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని ఇళయరాజా తరపున లాయరు నోటీసు వచ్చింది. మా ఊరి టీకొట్లో అందరం బాలు వైపే. "పాడింది ఈయన. ఈయన గొంతు లేకపోతే ఆ పాటెక్కడిది?" అని నేనే గట్టిగా అరిచాను.

ఇప్పుడు ఆలోచిస్తే మేం ఇద్దరు మనుషుల మధ్య గొడవ చూశాం గానీ, అసలు లెక్క చూడలేదు. వేల రూపాయల టిక్కెట్లు అమ్మి కచేరీ పెట్టింది నిర్వాహకులు. ఆ టిక్కెట్టులో హాలుకి అద్దె ఉంది, మైకుకి అద్దె ఉంది, విమానం ఖర్చుంది. బాణీకి మాత్రం అద్దె ఎందుకుండకూడదు? ఇళయరాజా అడిగిన తీరు నాకు ఇప్పటికీ నచ్చదు. ప్రాణస్నేహితుడికి లాయరు నోటీసేంటని బాధగానే ఉంటాది. తీరు వేరు, ప్రశ్న వేరు. తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలిసిపోయారు. 2020 సెప్టెంబర్ 25న బాలు వెళ్లిపోయారు. ప్రశ్న మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

పాట ప్రజలది, మరి పాటగాడో?

మా ఉద్యమాల్లో ఒక మాటుంది: పాట ప్రజలది. నేనూ నమ్ముతాను. వంగపండు పాటకీ, గద్దర్ పాటకీ ఎవరూ టిక్కెట్టు కొనలేదు. కొనాలంటే అవి ఊరూరా పాకేవే కావు. కానీ ఈ మాట వెనక మనం ఒక మనిషిని మర్చిపోయాం. గరిమెళ్ల సత్యనారాయణ.

1893లో శ్రీకాకుళం వైపు పుట్టినాయన. 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసినాయన. సహాయ నిరాకరణ రోజుల్లో ఆ పాట ఆంధ్రదేశమంతా పాడింది. పాట రాసినందుకే తెల్లోళ్లు జైల్లో పెట్టారు. జైలు నుంచి వచ్చాడు. స్వరాజ్యం కూడా వచ్చింది. ఆయన మాత్రం మద్రాసులో తిండికి లేక, జబ్బు పడి, 1952లో చనిపోయాడు. వేలమంది నోట తిరిగిన పాట, కట్టినోడికి ఒక్క పూట అన్నం పెట్టలేకపోయింది. పాట ప్రజలదే, కాదనను. ఆయన కూడా ఆ ప్రజల్లో ఒకడే కదండి. మరి ఆయన ఎవరికీ ఎందుకు చెందకుండా పోయాడు?

జానపదానిదీ ఇదే కథ. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో సారంగ దరియా పాట వచ్చినప్పుడు, అంతకు ముందు నుంచే ఆ జానపదాన్ని పాడుతున్న కోమల అనే గాయని నా సంగతేంటని అడిగింది. అడిగింది కాబట్టి జనానికి ఆవిడ పేరు తెలిసింది. అడగని అమ్మమ్మలు ఎందరో. మన పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వస్తే సంబరపడ్డాం. ఎవడో ఎక్కడో చేసి ఆత్రేయపురం పేరు పెట్టేసుకోకూడదన్నాం. మరి మన ఊడుపు పాటని ఎవడో ఎత్తుకుపోయి వాడి పేరు పెట్టుకుంటే మనకెందుకు నొప్పి పుట్టదు?

ఏది ఉచితం, ఏది కాదు

భయపడకండి, అన్నిటికీ డబ్బు కట్టక్కర్లేదు. పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లి వేడుకల్లోనూ, నిజమైన పూజల్లోనూ పాటలేసుకోడానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. మా వాడపల్లి గుళ్లో శనివారం పూట ఏడు వారాల మొక్కుతో తిరిగే జనానికి పూజలో వినపడే కీర్తనకి లైసెన్సు అక్కర్లేదు. టిక్కెట్టు పెట్టి చేసే న్యూ ఇయర్ పార్టీకి మాత్రం కావాలి.

పాతబడ్డ పాటకీ గడువుంది. రికార్డుకి విడుదలైనాక 60 ఏళ్లు. రచనకి రాసినవాడు పోయాక 60 ఏళ్లు. 'మాయాబజార్' 1957లో వచ్చింది, అంటే ఆ రికార్డు గడువు 2017తో అయిపోయింది. మాట రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆ మాటల మీద హక్కు 2031 దాకా ఉంటాది. అన్నమయ్య కీర్తన అందరిదీ. దాన్ని నిన్నగాక మొన్న పాడి చేసిన రికార్డు మాత్రం ఆ పాడించినవాళ్లది.

నేనేం చేస్తన్నానో చెబుతాను, మీకు కుదిరింది చెయ్యండి. దొంగ యాపు తీసేశాను. నెలకి ఒక బిర్యానీ పేకెట్ ఖరీదుతో చందా కట్టాను. కట్టలేనివాళ్లు యాడ్‌లతోనే వినండి, అసలు చానల్లోనే వినండి. యాడ్ చూడటం కూడా ఒక రకంగా చెల్లించడమే. పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బులో నూటికి 55 చానల్ వాళ్లకి ఇస్తామని యూట్యూబ్ చెప్తాది. ఎవరి పాటైనా దించి మీ చానల్లో పెట్టకండి, లింకు పంపండి. స్టేటస్ పెడితే హీరో పేరుతో పాటు రాసినవాళ్ల పేరూ పెట్టండి. మీలో పాటలు రాసి, కట్టేవాళ్లుంటే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం గురించి కనుక్కోండి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు 2012 సవరణ సంగతి గుర్తుచేసుకోండి.

అన్నిటికన్నా ముందు మన ఊళ్లో పాత బాకీ ఒకటుంది. డీజేకి అడిగినంతా అడ్వాన్సు ఇచ్చేస్తాం. గరగలోళ్లు, డప్పులోళ్లు, సన్నాయోళ్లు వస్తే మాత్రం బేరం మొదలు. "భోజనం పెడతన్నాం కదా" అంటాం. తెల్లారేక మిగతాది రేపు రమ్మంటాం. ఆ రేపు నెలవుతాది. మధ్యలో ఏ కంపెనీ లేదు, ఏ యాపూ లేదు, పాడినోడు మన ముందే చెమటతో నిలబడ్డాడు. అక్కడే ఇవ్వనోళ్లం ఎక్కడో ఉన్న కంపెనీ గురించి న్యాయం మాట్లాడితే నప్పుతుందా?

మొన్న శనివారం ఆ డప్పు కుర్రాడు లొల్ల లాకుల దగ్గర కనపడ్డాడు. యాపు తీసేశానని చెప్పాను. "మరి ఆ ఐటెం పాట?" అన్నాడు నవ్వుతా.

"వింటన్నానురా. రాసిందెవరో కూడా చూశాను."

"మా పాట ఎవరు రాశారో చూశావా?"

చూడలేదు. వాళ్ల చానల్ తీసి అక్కడే చూశాను. రాసింది వాళ్లమ్మ.